పాత పోస్టుకార్డుల స్టాంపులు ఊడదీయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

సికింద్రాబాద్ కంటోన్మెంట్ బొమ్మలున్న పాత పోస్టుకార్డులు చాలా ఏళ్లుగా పోగుచేస్తున్నాను. బ్యారక్‌లు, పరేడ్ గ్రౌండ్స్, బొల్లారం, అన్నిటికంటే ఇష్టంగా తిరుమలగిరి మిలిటరీ జైలు. 1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువాళ్లు తిరుమలగిరిలో చుట్టూ కందకం తవ్వుకుని మరీ స్థావరం కట్టుకున్నారు, ఆ జైలేమో దూరం నుంచి చూస్తే రాజుల కోటలాగే ఉంటుంది.

మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆ జైలు కార్డు కనపడగానే చేతులు వణికాయి. వెనక్కి తిప్పి చూస్తే స్టాంపు లేదు. ఎవరో తడిపి ఊడదీశారు, దాంతోపాటు పోస్టల్ ముద్రలో సగం పోయింది, ఇంకు అంతా అలుక్కుపోయి ‘డియర్ మదర్’ అన్న రెండు మాటలే మిగిలాయి. ఆ రోజంతా మనసు మనసులో లేదు.

బొమ్మను బట్టి ఏడాది చెప్పలేమండీ, ఒకే ఫొటోను ఏళ్ల తరబడి అచ్చు వేసేవాళ్లు. ఏడో ఎడ్వర్డ్ రాజు బొమ్మ స్టాంపా, ఆయన తర్వాతి ఐదో జార్జిదా, ముద్రలో ఏ తేదీ, ఏ ఊరు, ఇవే ఆధారం. బ్రిటన్‌లో 1902 దాకా కార్డు వెనక అడ్రసు మాత్రమే రాయాలి, కబురంతా బొమ్మ పక్కనున్న కాస్త ఖాళీలో ఇరికించేవాళ్లు, కబురు ఒక పక్క, అడ్రసు ఒక పక్క రాసేలా వెనక మధ్యలో గీత వచ్చింది ఆ తర్వాతే. అచ్చు వేసినవాళ్లను అడుగుదామంటే, లండన్‌లో పేరున్న రఫేల్ టక్ కంపెనీ ఆఫీసు 1940 డిసెంబరు బాంబుదాడిలో రికార్డులతో సహా కాలిపోయింది. ఇక మిగిలిన సాక్ష్యం కార్డే. నా దగ్గరున్న ఒకదాని మీద ఎవరో సిపాయి బ్యారక్ కిటికీ దగ్గర ఇంటూ గుర్తు పెట్టి, నేనుండేది ఇక్కడే అని ఇంటికి రాశాడు. అలాంటిది ఏ చరిత్ర పుస్తకంలో దొరుకుతుంది?

విడిగా ఆ స్టాంపులకు పెద్ద ధర కూడా రాదు, లెక్కలేనన్ని అచ్చయ్యాయి. దయచేసి ఇళ్లలో, పాత ట్రంకు పెట్టెల్లో ఇలాంటి కార్డులున్నవాళ్లు స్టాంపు జోలికి వెళ్లొద్దు, లామినేషన్ అసలే వద్దు. స్టాంపులు సేకరించే పిల్లలకు పెద్దవాళ్లే ఈ మాట చెప్పాలి.

మీకూ ఒక విన్నపం. మీ ఆదివారం సంచికలో పాత నగరం కార్డులు వేసినప్పుడల్లా బొమ్మ వైపే వేస్తున్నారు. ఇకనుంచి వెనక వైపు కూడా వేయండి.

– ఒక పాఠకుడు, మల్కాజిగిరి