వత్తులు కనపడాలంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారం మొదలుకొని ప్రతి శుక్రవారం మీ పిల్లల సంచిలో బడి లైబ్రరీ పుస్తకం ఒకటి ఇంటికొస్తుంది. అన్నీ ఫోన్‌లోనే దొరుకుతుంటే ఇదెందుకని కొందరు అడుగుతున్నారు.

అంతకుముందు జరిగిన 54 అధ్యయనాల ఫలితాలను ఒకచోట చేర్చి చూసిన పరిశోధన ఒకటి 2018లో వెలువడింది. కథలు కాగితం మీద చదివినా తెర మీద చదివినా అర్థం కావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. సమాచారం నిండిన పాఠాల్లో మాత్రం కాగితానిదే పైచేయి. ఇంత సమయంలోగా ముగించాలని గడువు పెట్టి చదివిస్తే ఆ తేడా ఇంకా పెరిగింది. కనుక పడుకునేముందు ట్యాబ్‌లో కథ చదువుకుంటే మాకేం అభ్యంతరం లేదు. సైన్సు, సోషల్ మాత్రం పుస్తకంలోనే చదివించండి.

తెలుగుకు ఇంకో చిక్కుంది. 'ద'కూ 'ధ'కూ తేడా కింద చిన్న గీతే. పేజీ మొత్తం ఫోన్‌లో పట్టేలా కుదిస్తే ఆ గీత, దాంతోపాటు వత్తులు కనపడవు. పిల్లలు అక్షరం చూడకుండా మాటను ఊహించి చదివేస్తారు. ఆ తప్పులు డిక్టేషన్‌లో బయటపడతాయి. పెద్దది చేస్తే ప్రతి పంక్తినీ వేలితో పక్కకు లాగాలి, ఈలోగా వాక్యం మొదలు మర్చిపోతారు. జిరాక్స్ షాపులో రూపాయి కలిసొస్తుందని రెండు పేజీలు పక్కపక్కన కుదించి వేయించినా ఇదే తంటా. పేజీ సైజు తగ్గించకుండా కాగితానికి రెండువైపులా వేయించండి.

పుస్తకం పిల్లల స్థాయికి మించిందేమో చూడాలంటే ఏదో ఒక పేజీ పైకి చదవమనండి. తెలియని మాటకల్లా ఒక వేలు ముడవాలి. పేజీ పూర్తికాకుండానే అయిదూ ముడుచుకుంటే మర్నాడే మార్చుకోవచ్చు, శుక్రవారం దాకా ఆగక్కర్లేదు. ఒక్క వేలూ ముడవకపోతే? చదవనివ్వండి, తేలిక పుస్తకం చదివితే నష్టమేం లేదు.

రోజుకు 20 నిమిషాలు చాలు. ఆ సేపు ఫోన్లు వేరే గదిలో ఉండాలి, మీవి కూడా. చదివాక నీతి ఏమిటని అడిగితే పిల్లలు రేపట్నుంచి పుస్తకం ముట్టరు. పుస్తకం మూయించి, ఏం జరిగిందో చెప్పమనండి చాలు. తెలియని మాటల్ని పేజీ నంబరుతో చీటీ మీద రాసుకోవాలి, లైబ్రరీ పుస్తకంలో గీతలొద్దు. 20 నిమిషాలయ్యాక ఫోన్ తీసి ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లోని నిఘంటువులో వెతకండి. ఆ పనికి ఫోనే హాయి.

పుస్తకం తడిస్తే ఎండలో పెట్టకండి, అట్ట వంకరపోతుంది. పేజీల మధ్య పాత పేపరు ముక్కలుంచి ఫ్యాను కింద ఆరబెట్టండి. జరిమానా లేదు, దాచకుండా పంపితే చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు