నీ మూడో పేరా గురించి, అర్జంటుగా

ఒరేయ్ శీనూ,

ఇన్నాళ్లూ జవాబివ్వలేదని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. ఇక్కడ అంతా కులాసానే. అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గింది, చిన్నోడు బళ్లో చేరాడు. అయిపోయింది, అసలు సంగతికొస్తా.

నీ ఎమ్మే వ్యాసం చదివాను. ధవళేశ్వరం ఆనకట్ట మీద 1500 మాటలు రాయమంటే "అనాది కాలం నుండి మానవుడు నీటితో..." అని మొదలెట్టావు! అనాది మాస్టారు నిన్నింకా వదల్లేదా? ఆ పేరా మొత్తం కొట్టెయ్. ఉపోద్ఘాతం ఆఖర్న రాసుకో. ఏం తేల్చావో నీకే తెలీకముందు ఏం పరిచయం చేస్తావు?

మూడో పేరా చూడు. "1833లో కరువు వచ్చింది. 1847లో ఆనకట్ట పని మొదలైంది. 1852లో పూర్తయింది." చకచకా దాటేశావు. నీ వ్యాసమంతా అక్కడే ఉందిరా! ఆ మధ్య పద్నాలుగేళ్లు ఈస్టిండియా కంపెనీ ఎందుకు కదల్లేదు? "జనం ఆకలి చూసి కాదు, శిస్తు పడిపోవడం చూసి కంపెనీ డబ్బు తీసింది" అని తెగేసి చెప్పు. కాదనడానికి వీలున్న మాటకే రుజువులు కావాలి. "ఆనకట్ట వల్ల ఎంతో మేలు జరిగింది" అంటే కాదనేవాడెవడు? శిస్తు లెక్కలు ఎదురు తిరిగితే మాట మార్చుకో, తప్పేం లేదు.

ఇప్పుడు ప్రింటు తీసి, పేరాలకి నంబర్లు వెయ్. ప్రతిదాని పక్కనా అది ఏమంటోందో పెన్సిల్‌తో ఒక్క ముక్క రాయి. "శిస్తు గురించి" అంటే ఒప్పుకోను. "శిస్తు తగ్గింది గనకే మద్రాసువాళ్లు కాటన్ మాట విన్నారు", ఇలా క్రియ ఉండాలి. తర్వాత ఆ ముక్కలే వరసగా చదువు. రెండు ఒకటే చెబుతుంటే కలిపెయ్, ఒకదాంట్లో రెండు సంగతులుంటే విడగొట్టు. ముక్కే తట్టలేదా, ఆ పేరాలో సరుకు లేనట్టే. నీ ఐదూ ఎనిమిదీ అచ్చం కవలలు!

వాక్యాల సోకులు, అచ్చుతప్పులు అప్పుడే ముట్టుకోకు. తీసెయ్యబోయే పేరాకి నగిషీలు చెక్కడం నీకు మహా సరదా.

ఇక ఆ ఆరు లైన్ల కొటేషన్. ఎవరు, ఎప్పుడు, ఎవరికి రాశారో ముందు చెప్పు. అది దేన్ని రుజువు చేస్తోందో తర్వాత నీ మాటల్లో రెండు వాక్యాలు. ఊరికే వదిలేస్తే దిద్దేవాళ్లు దాటేసి పోతారు. అన్నట్టు, నోట్సులో కొటేషన్ గుర్తులూ పేజీ నంబరూ అప్పటికప్పుడే వేస్తున్నావా? లేకపోతే నెల పోయాక ఏది నీ మాటో, ఏది పుస్తకం మాటో నీకే తెలీదు. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌కి మాత్రం తెలుస్తుంది.

ఫుట్‌నోట్ల సంగతైతే ఇంకా... అదిగో, ఆఫీసు బస్సొచ్చేసింది. ఉంటా.

నీ
బుజ్జి