పై ఇంటి అక్కకి, ఎస్పీ రోడ్ అన్నకి కృతజ్ఞతలు

బెంగుళూరు కేఆర్ పురంలో మా పిన్ని వాళ్లుండే బిల్డింగ్‌లో, పై ఇంట్లో ఉండే అక్కకి అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పాలని ఇది రాస్తున్నాను. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మదనపల్లె వాళ్లని మాత్రం రాసుకోమన్నారు. ఆమె పూనుకోకపోతే ఈ సెమిస్టర్‌లో నా ప్రాజెక్టు నడిచేది కాదు.

నా ప్రాజెక్టు ఒక రోబో చేయి. సీనియర్లు రాసిన కోడంతా రాస్ నోయెటిక్‌లో ఉంది. రాస్ అంటే రోబోల్ని నడిపే సాఫ్ట్‌వేర్, నోయెటిక్ దాని ఒక వెర్షన్. అది 2020లో ఉబుంటు 20.04 (లినక్స్ రకం ఓఎస్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్) కోసం వచ్చింది. కొత్తగా రాయాల్సిన భాగం రాస్ 2 హంబుల్ అనే కొత్త వెర్షన్‌లో ఉండాలని మా గైడ్ మేడమ్ చెప్పారు. హంబుల్‌కి ఉబుంటు 22.04 కావాలి. పాతదాంట్లో చేయి ఎలా కదులుతోందో చూసుకుంటూ కొత్తది రాయాలి కాబట్టి రెండూ ఉండి తీరాలి. నాదేమో మా అన్న వాడి ఇచ్చిన లాప్‌టాప్. 8 జీబీ ర్యామ్‌లో వర్చువల్ మెషీన్ (ఒక ఓఎస్ లోపలే ఇంకో ఓఎస్‌ని నడిపే పద్ధతి) పెడితే, రోబోని తెర మీద నడిపి చూసే గెజిబో సిమ్యులేషన్ ముందుకి కదలదు. డిస్కుని పార్టిషన్లుగా, అంటే భాగాలుగా, పంచింది పాత ఎంబీఆర్ పద్ధతిలో, అది నాలుగు ప్రైమరీ పార్టిషన్లకి మించి ఒప్పుకోదు. మూడు విండోస్‌వి, నాలుగోది ఉబుంటుది, రెండో ఉబుంటు కూడా అందులోనే పట్టాలి. చేయి డిజైన్ విండోస్‌లో నడిచే సాలిడ్‌వర్క్స్‌లో ఉంది, అందుకని విండోస్‌ని తీసేయడం కుదరదు.

అడిగిన ప్రతివాళ్లూ ఒకటే మాట: ఒక పార్టిషన్‌లో రెండు ఓఎస్‌లు పెట్టకూడదు. మామూలుగా అది నిజమే. రెండో ఉబుంటు వచ్చి మొదటిదాని సెట్టింగులు, ప్రోగ్రాములు ఉండే ఈటీసీ, యూఎస్‌ఆర్ ఫోల్డర్ల మీదే తన ఫైళ్లు రాసేస్తుంది, చివరికి రెండూ పోతాయి. అక్క మాత్రం మొత్తం విని, “ఫైల్ సిస్టమ్ మారిస్తే కుదురుతుంది పాపా, ఆదివారం కూర్చుందాం” అన్నారు.

ఫైల్ సిస్టమ్ అంటే డిస్కు మీద ఫైళ్లని అమర్చే పద్ధతి. అక్క చెప్పింది బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనేది. అందులో ఒకే పార్టిషన్ లోపల సబ్‌వాల్యూమ్‌లు, అంటే విడివిడి అరలు, చేసుకోవచ్చు. ఒక్కోటి విడిగా ఒక ఓఎస్‌కి రూట్‌గా (అన్ని ఫోల్డర్లకీ మొదలుగా) మౌంట్ అవుతుంది, అంటే తెరుచుకుంటుంది. “బెంగుళూరులో ఒక ఇంటిని రెండు పోర్షన్లు చేసి అద్దెకిస్తారే, అలాగ. తలుపులు వేరు, నీళ్ల ట్యాంకు ఒకటే” అన్నారు అక్క. ఆ ట్యాంకు అంటే ఖాళీ జాగా. ఇది నాకు చాలా నచ్చింది. దేనికెన్ని జీబీలని ముందే గీత గీసుకోనక్కర్లేదు, ఎవరికి కావాల్సినంత వాళ్లు వాడుకుంటారు.

ముందు నా ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేయించారు. అప్పటిదాకా ఉన్న ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4ని ఫార్మాట్ చేయకుండా అలాగే బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌గా మార్చే పద్ధతి కూడా ఉందట, కానీ ప్రాజెక్టు ఉన్న డిస్కు మీద వద్దని నాలుగో పార్టిషన్‌ని ఫార్మాట్ చేసి 20.04 వేశారు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఎంచుకుంటే ఉబుంటు ఇన్‌స్టాలర్ తనంతట తానే రూట్‌ని ‘@’ అని, హోమ్‌ని ‘@హోమ్’ అని రెండు సబ్‌వాల్యూమ్‌లుగా పెడుతుంది. లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటు నడిచేది) బూట్ చేసి, రెండో ఉబుంటు వాటి మీద రాయకుండా ఆ రెంటి పేర్లూ మార్చారు. తర్వాత అదే పార్టిషన్‌లో, ఫార్మాట్ టిక్కు తీసేసి, 22.04 వేశారు. దానికి దాని కొత్త ‘@’ వచ్చింది.

అసలు కష్టం బూట్ దగ్గర. రెండూ ఒకే ఫైల్ సిస్టమ్‌లో ఉన్నాయి కాబట్టి రెంటి యూయూఐడీ (ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్య) ఒకటే, తేడా సబ్‌వాల్యూమ్ పేరులోనే. అందుకని పాతదాని ఎఫ్‌స్టాబ్‌లోనూ (ఏది ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఫైల్), గ్రబ్ (ఆన్ చేయగానే ఏ ఓఎస్ కావాలో అడిగే మెనూ) సెట్టింగుల్లోనూ కొత్త పేరు పెట్టాలి. పాత ఉబుంటు ఉన్నది కూడా అదే పార్టిషన్ కాబట్టి కొత్తదాని గ్రబ్ దాన్ని వెతికి పట్టుకోలేదు. అక్క గ్రబ్‌కి సొంత ఎంట్రీలు రాసుకునే 40_కస్టమ్ ఫైల్‌లో చేత్తో ఒక ఎంట్రీ రాశారు, అది నొక్కితే పాత ఉబుంటు సొంత మెనూ తెరుచుకుంటుంది. ఆ లైన్లు నా చేతే టైప్ చేయించారు, ప్రతి లైనూ ఎందుకో చెప్పాకే ఎంటర్ కొట్టనిచ్చారు. మధ్యలో వాళ్ల బాబు నిద్ర లేస్తే వెళ్లి జోకొట్టి మళ్లీ వచ్చారు. ఎవరి పిల్లో తెలియని నా కోసం ఒక ఆదివారం మొత్తం ఇచ్చేశారు. మా పిన్ని ఆమెకి పరిచయమై ఎన్నాళ్లో కూడా కాలేదు.

హోమ్ ఫోల్డర్లు రెంటికీ కలిపి పెట్టొద్దన్నారు. రెంటిలో గ్నోమ్ (ఉబుంటు డెస్క్‌టాప్) వెర్షన్లు వేరు కాబట్టి సెట్టింగులు ఒకదాన్నొకటి పాడుచేస్తాయట. రోబో రికార్డింగుల కోసం మాత్రం మూడో సబ్‌వాల్యూమ్ చేసి రెండు వైపులా కనిపించేలా పెట్టారు. స్నాప్‌షాట్ (సబ్‌వాల్యూమ్ ఆ క్షణంలో ఎలా ఉందో అదే డిస్కులో దాచుకునేది) తీసుకున్నా అది బ్యాకప్ కాదని, డిస్కు పోతే రెండు ఓఎస్‌లూ కలిసే పోతాయని గట్టిగా చెప్పారు. అందుకే వారం వారం కాపీ తీస్తున్నాను.

ఎస్పీ రోడ్‌లో కంప్యూటర్ షాపు అన్నకి కూడా థాంక్స్. కొత్త ఎస్‌ఎస్‌డీ అడగడానికి వెళ్తే, ముందు నా డిస్కు ఎలా ఉందో చెప్పే స్మార్ట్ రిపోర్టు చూసి, ఇది బాగానే ఉందమ్మా, ఇప్పుడు డబ్బులు ఖర్చు పెట్టుకోవద్దని తెలుగులోనే చెప్పి పంపించారు. రూపాయి తీసుకోలేదు. బయటి డిస్కు ఇచ్చిన నా రూమ్మేట్‌కి సరేసరి, ఆమెకి రోజూ చెబుతూనే ఉన్నాను.

అక్క చెప్పినవన్నీ తెలుగులో నోట్‌బుక్కులో రాసుకున్నాను, కమాండ్లతో సహా. ఆ పేజీలు ఎవరికైనా ఇవ్వచ్చని ఆమే అన్నారు. ఎంబీఆర్ డిస్కుతో ఇదే ఇబ్బంది పడుతున్నవాళ్లు అడగండి, ఫొటోలు తీసి పంపిస్తాను.