పాత ఫైళ్ల విషయంలో మా షాపు కొత్త పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా డీటీపీ, జెరాక్స్ షాపుకు వచ్చేవారందరికీ నమస్కారం. పెళ్లిళ్ల రద్దీ మొదలుకాక ముందే ఒక సంగతి చెప్పేస్తాను. ఇకపై పాత ఫైలు వెతికి ఇవ్వడానికి 30 రూపాయలు తీసుకుంటాం. దొరకకపోతే పైసా తీసుకోం.

"పేరు కొడితే వచ్చేదానికి డబ్బులెందుకు?" అని ఇప్పటికే కొందరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు మాత్రం కాస్త పొడుగు.

కంప్యూటర్ ముందుగా వెతికేది ఫైలు పేరును. లోపల ఉన్న మాటలనూ వెతకగలదు గానీ, అవి యూనికోడ్‌లో ఉండాలి, అంటే ప్రతి భాష అక్షరానికీ దానిదైన సంకేతం ఉండే పద్ధతిలో. మన పాత శుభలేఖలు పేజ్‌మేకర్ అనే పేజీలు అమర్చే పాత సాఫ్ట్‌వేర్‌లో చేసినవి. తెలుగు భాగం అను ఫాంట్లలో, ఒడియా భాగం ఆకృతి ఫాంట్లలో ఉంటుంది. ఆ ఫాంట్లలో మన అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. తెర మీద మీకు 'చిరంజీవి' అని చక్కగా కనిపిస్తుంది, కంప్యూటర్ లెక్కలో మాత్రం అది పొంతన లేని ఇంగ్లిష్ అక్షరాల వరుస. కాబట్టి పెళ్లికొడుకు పేరు తెలుగులో కొట్టి వెతికితే ఏమీ రాదు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది. అయినా డీటీపీ చేసేవాళ్లు చాలామంది దాన్ని వదల్లేదు, నేనూ వదల్లేదు. కార్డు అమరికకు చేయి దానికే అలవాటు పడింది.

పోనీ ఫైలుకు మనిషి పేరు పెడదామంటే, ఆంధ్రా వైపున్న పాతపట్నం నుంచి వచ్చేవారి ఆధార్‌లో ఒక స్పెల్లింగు, ఇక్కడి బంధువుల కాగితాల్లో ఇంకొకటి. అందుకే కొత్త ఫైళ్లకు ముందు తేదీ, తర్వాత మీ ఫోను నంబరులో చివరి 4 అంకెలు, ఆ తర్వాత పని పేరు పెడుతున్నాం. అంకెలకు స్పెల్లింగు బాధ లేదు. తేదీలో సంవత్సరం ముందు వస్తుంది, 2025-02-07 అన్నట్టు. రోజు ముందు రాస్తే అన్ని నెలల 7వ తేదీలూ ఒకచోట గుంపు కడతాయి. గీత కూడా అడ్డగీతే, ఏటవాలు గీతను ఫైలు పేరులో విండోస్ ఒప్పుకోదు.

ఫైలు పక్కన కంప్యూటర్ చూపించే తేదీ ఉంది కదా అంటారా? దాన్ని నేను నమ్మను. పాత డిస్కు నుంచి కొత్త డిస్కుకు కాపీ చేస్తే, ఫైలు 'తయారైన తేదీ' కాపీ చేసిన రోజుకు మారిపోతుంది. పాత కార్డు తెరిచి ఒక్క చుక్క దిద్ది సేవ్ చేస్తే 'మార్చిన తేదీ' ఈరోజుదవుతుంది.

ఫోటోలు పంపేటప్పుడు ఒక చిన్న సాయం చేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది, పేరు కూడా మారిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే రెండూ నిలుస్తాయి. ఫ్లెక్సీకి అయితే ఇది తప్పనిసరి. ముఖాలు మసకబారాయని తర్వాత నన్ను అంటే నేనేం చేయగలను?

ఆధార్, కుల ధ్రువపత్రం, భూమి పట్టా స్కాన్లు మాత్రం ఏ రోజువి ఆ రోజు సాయంత్రమే తీసేస్తాం, రీసైకిల్ బిన్‌లో కూడా ఉంచం. "మొన్ననే ఇచ్చాను కదా, మళ్లీ ఎందుకు?" అని కొందరు విసుక్కుంటున్నారు. విసుక్కోండి, ఫరవాలేదు. నలుగురు వచ్చిపోయే షాపు కంప్యూటర్‌లో మీ కాగితాలు పడి ఉండటం నాకు ఇష్టం లేదు.

శుభలేఖలు, విజిటింగ్ కార్డుల డిజైన్లు కనీసం 2 ఏళ్లు ఉంచుతాం. డెలివరీ రోజే పెన్ డ్రైవ్ తెచ్చుకుంటే పీడీఎఫ్, అసలు ఫైలు రెండూ ఉచితంగా ఇస్తాం. పీడీఎఫ్‌లోనే ఫాంట్లు ఇమిడి ఉంటాయి కాబట్టి ఏ ఊళ్లోనైనా అలాగే ప్రింటవుతుంది. కానీ తమ్ముడి పెళ్లికి అదే కార్డులో పేర్లు మార్చాలంటే అసలు ఫైలు కావలసిందే, దాన్ని పారేయకండి.

2020కి ముందు చేసిన ఫైళ్లను వచ్చే మార్చి 31 దాటాక తీసేస్తున్నాం. కావలసినవారు ఆలోపు రండి. ఆ పాతవాటికి వెతుకుడు రుసుము లేదు. మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య వస్తే రద్దీ తక్కువ, పక్కన కూర్చుని మీరే చూసి ఎంచుకోవచ్చు.