ముందు మింట్ వెయ్యరా

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. ఉన్న ఒక్క ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి నేరుగా ఆర్చ్ లినక్స్ వేస్తానన్నావు, లినక్స్ రకాల్లో (డిస్ట్రోల్లో) అన్నీ మనమే ఏరి అమర్చుకోవాల్సినదాన్ని. "కష్టమైనది ముందు నేర్చుకుంటే మిగతావి వాటంతటవే వస్తాయి" అని కూడా రాశావు. ఫోన్లో చెబితే మధ్యలోనే వాదనకు దిగుతావని కాగితం మీద పెడుతున్నాను. దయచేసి వద్దురా. ముందు లినక్స్ మింట్ వెయ్యి, అన్నీ అమర్చి వచ్చే తేలిక రకం.

నేను మొదట వేసింది ఆర్చే, నీకు తెలుసుగా. ఆర్చ్ వికీ (వాళ్ల ఆన్‌లైన్ గైడ్) పక్కన తెరిచి పెట్టుకుని, నల్ల తెర మీద ఒక్కో కమాండే కొట్టాను. డిస్కును పార్టిషన్లు చేశాను, బేస్ ప్యాకేజీ, సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్, ఫర్మ్‌వేర్ దింపాను, మెషిన్ ఆన్ చేయగానే సిస్టమ్‌ను లేపే గ్రబ్ పెట్టాను. రీబూట్ చేస్తే లాగిన్ వచ్చింది. ఎంత సంతోషమో! తీరా చూస్తే నెట్ లేదు. అంతకుముందు వైఫై పనిచేసింది పెన్‌డ్రైవ్‌లోని సిస్టమ్‌లో. డిస్కు మీద వేసిన దాంట్లో నెట్ కలిపే నెట్‌వర్క్‌మేనేజర్ లేదు. ఆర్చ్‌లో మనం అడిగి వేసుకుంటేనే అది వస్తుంది. వేసుకుందామంటే నెట్ కావాలి. మళ్లీ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్కును మౌంట్ చేసి, అక్కణ్ణుంచే ఆ ప్యాకేజీ ఎక్కించాలని తెలిసేసరికి తెల్లారింది. తెలిశాక పట్టింది పది నిమిషాలు. రాత్రంతా నేను కార్డు పాడైందనుకుని డ్రైవర్ల కోసం ఫోన్లో వెతుకుతున్నాను. ఏదో పాడైతే దాని గురించి వెతుక్కోవచ్చు. అసలు ఏం లేదో తెలియనివాడు ఏమని వెతుకుతాడు?

ఆ తర్వాత డెస్క్‌టాప్ వేసుకుని తెలుగు పేపర్ తెరిస్తే అక్షరాల బదులు వరసగా డబ్బాలు. ఫాంట్లూ మనమే వేసుకోవాలి. నోటో ఫాంట్స్ వేశాక గానీ అవి అక్షరాలు కాలేదు.

ఇప్పుడు అంత కష్టం లేదంటావు. నిజమే, 2021 నుంచి ఆర్చ్ ఐఎస్ఓలోనే (పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ఫైల్) ఆర్చ్‌ఇన్‌స్టాల్ అనే ఇన్‌స్టాలర్ ఉంది, అడిగినవాటికి జవాబిస్తే పని అయిపోతుంది. కానీ నా భయం ఆ తర్వాతి నెలల గురించి. అది రోలింగ్ రిలీజ్, అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. 2022 ఆగస్టులో గ్రబ్ కొత్త వెర్షన్ వచ్చాక కొందరి మెషిన్లు బూటే కాలేదు. అనుభవం ఉన్నవాళ్లు పెన్‌డ్రైవ్ పెట్టి గ్రబ్ మళ్లీ ఎక్కించుకున్నారు. నీ షాపు లెక్కలన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి కదరా. జీఎస్టీ రిటర్న్ వేసే చివరి రోజున అలా జరిగితే ఆ టెన్షన్ నువ్వు పడగలవా?

ఆర్చ్ అంటే నాకు చులకన లేదు, ఇవాళ్టికీ వాడుతున్నాను. సొంతంగా చదువుకుని, సొంతంగా బాగుచేసుకునేవాళ్ల కోసమే ఈ డిస్ట్రో అని దాన్ని తయారుచేసేవాళ్లే చెబుతారు. వాళ్ల వికీ మాత్రం ఏ డిస్ట్రో వాడేవాళ్లకైనా పనికొస్తుంది, నువ్వూ చదువు.

నువ్వు లినక్స్ మింట్ వెయ్యి, సినమన్ డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్. ఉబుంటు అనే మరో డిస్ట్రో ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే) వెర్షన్ ఆధారంగా వస్తుంది, ఐదేళ్లపాటు సెక్యూరిటీ అప్‌డేట్లు ఉంటాయి. టైమ్‌షిఫ్ట్ అందులోనే ఉంది. దాన్ని ఆన్ చేసి పెట్టుకుంటే, ఏదైనా అప్‌డేట్ తేడా చేసినప్పుడు ముందటి స్థితికి వెళ్లిపోవచ్చు. మింట్ వేస్తే అసలు లినక్స్ నేర్చుకోలేనేమో అనే దిగులు పెట్టుకోకు. లోపల ఉన్నది అదే కెర్నల్, కమాండ్లు అందుకునే అదే బాష్, సర్వీసులు నడిపే అదే సిస్టమ్‌డీ. ఫైల్ పర్మిషన్లు, లాగ్ చదవడం, సర్వీస్ ఆపి మళ్లీ మొదలుపెట్టడం అక్కడ నేర్చుకుంటే ఆర్చ్‌లోనూ అలాగే చేస్తావు. ప్యాకేజీలు వేసే కమాండ్ మాత్రం ఆప్ట్ బదులు ప్యాక్‌మ్యాన్ వస్తుంది, అంతే.

ఆర్చ్ మీద అంత మనసుంటే మింట్‌లోనే వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్‌లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్) పెట్టి, ఒక 20 జీబీ కేటాయించి అందులో వేసుకో. పదిసార్లు చెడగొట్టు, పదిసార్లు మళ్లీ వెయ్యి. రెండో కంప్యూటర్, చేతిలో ఖాళీ సమయం ఉన్నవాళ్లు నేరుగా ఆర్చ్‌తోనే మొదలుపెట్టి నిలదొక్కుకున్నారు, కాదనను. నీకు ఆ రెండూ లేవు.

రెండో శనివారం మీ ఊరు వస్తున్నాను. మింట్ పెన్‌డ్రైవ్ తెస్తాను, ముందు డిస్కు జోలికి పోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైవ్‌లోనే వైఫై, సౌండ్, ప్రింటర్ చూద్దాం. నేను వచ్చేలోపు పిల్లల ఫోటోలు, షాపు లెక్కలు ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసి, అక్కణ్ణుంచి నాలుగైదు తెరిచి చూడు. ఆ ప్రింటర్ మోడల్ నంబర్ కూడా పంపు, డ్రైవర్ ఉందో లేదో ఇక్కడే చూసి వస్తాను.

చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ స్నేహితుడు