తలపెట్టిన మేలు చేసి ముగించడానికి: మన సహవాసపు వార్షిక నివేదిక

ప్రభువునందు ప్రియులైన సభ్యులందరికీ మన ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనాలు.

గడచిన సంవత్సరం మన సహవాసం చేసిన పనుల వివరాలను కార్యవర్గం పక్షాన మీ ముందుంచుతున్నాను. కూడికలు, పండుగలు, ఆదాయ వ్యయాల గురించి ఏటా విపులంగా రాయడం ఆనవాయితీ అయినా ఈసారి వాటిని క్లుప్తంగానే ప్రస్తావిస్తున్నాను. దేవుని సన్నిధిలో చేయాలనుకున్న మంచిని చేసి ముగించడం ఎలా అన్న ప్రశ్న చుట్టూనే ఈ ఏడాది మన పని అంతా నడిచింది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన వాక్యం తీసుకుని, బైబిలు మొత్తం చదువుతామనీ, రోగులను దర్శిస్తామనీ, మాటలు మానేసిన తోబుట్టువుతో సమాధానపడతామనీ మనలో చాలామంది నిజమైన మనసుతోనే తీర్మానించుకుంటాం. ఆ మనసు దేవుడిచ్చినదే కనుక దానిని తక్కువ చేయకూడదు. అయితే సంక్రాంతి దాటి, ఆఫీసు పనులూ పిల్లల పరీక్షలూ మీద పడేసరికి ఆ తీర్మానాలు వాగ్దాన కార్డుతో పాటు బైబిలు పేజీల మధ్యనే ఉండిపోతున్నాయని గత సర్వసభ్య సమావేశంలో పెద్దలు ఆవేదన చెందారు. దిక్కులేనివారికి ఏమీ ఇవ్వకుండా "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి" అని పంపేయడం వల్ల ప్రయోజనమేమిటని యాకోబు పత్రిక రెండవ అధ్యాయం అడిగే మాట ఆ రోజు అందరినీ తాకింది.

దీనికి మార్గం వెతుకుతూ మనం కొరింథీ పత్రికలను ధ్యానించాము. యెరూషలేములోని పేద విశ్వాసులకు సహాయం చేయాలని కొరింథీయులు ముందే ముచ్చటపడ్డారు కానీ, ఏడాది గడిచినా అది పూర్తికాలేదు. ఆ పత్రికలు రాసిన అపొస్తలుడైన పౌలు వారిని నిందించలేదు. మనసు ఎలా సిద్ధమైందో పని కూడా అలాగే, ఉన్నంతలో ముగించమన్నాడు. అంతకుముందే వారంలో మొదటి రోజున ప్రతివారూ తమ వర్ధిల్లిన కొలది కొంత తీసి పక్కన ఉంచుకోవాలని చెప్పాడు. తరువాత తన జతపనివాడైన తీతును, అతనితో మరికొందరు సహోదరులను పంపి, ఆ ధనం విషయంలో ఎవరూ తప్పు పట్టకుండా జాగ్రత్తపడ్డాడు. చివరకు అకయవారు, అంటే కొరింథు ఉన్న ప్రాంతం వారు, ఆ చందా వేయడానికి ఇష్టపడ్డారని రోమా పత్రిక పదిహేనవ అధ్యాయంలో చదువుతాము. మంచి తలంపుకు ఒక రోజు, ఒక కొలత, అడిగేవారు ఒకరు ఉండాలని ఈ భాగం మనకు నేర్పింది.

మెథడిస్టుల చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరపు అప్పు తీర్చడానికి ఒక్కొక్కరు వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని, ఒక్కొక్క నాయకుడు కొందరి దగ్గరికి వెళ్లి వసూలు చేయాలని అనుకున్నారు. అలా ఇంటింటికీ వెళ్లినవారికి వసూలుతో పాటు మనుషుల ఆత్మీయ స్థితి కూడా తెలిసింది. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ నడిపిన క్లాస్ మీటింగులకు, అంటే చిన్న బృందాలుగా కూడి ఒకరి ఆత్మీయ స్థితిని ఒకరు విచారించుకునే కూడికలకు, అదే నాంది అయింది.

అందుచేత ఈ ఏడాది తీర్మాన కార్డులో ఏ మేలు, ఎవరికి, ఏ రోజు ఏ వేళకు, నన్ను అడిగేది ఎవరు అన్న నాలుగు ఖాళీలు ఉంచాము. చిలకలగూడ, వారాసిగూడ, మారేడ్‌పల్లి, బోయిన్‌పల్లి కుటుంబాలు చిన్న బృందాలుగా ఏర్పడ్డాయి. "రోగులను దర్శిస్తాను" అని రాసే సహోదరుడు ఇప్పుడు "మంగళవారం సాయంత్రం ఆఫీసు నుండి వస్తూ గాంధీ ఆసుపత్రికి వెళతాను" అని రాస్తున్నాడు. ఆదివారం ఆరాధన తరువాత "అన్నా, మంగళవారం వెళ్లావా?" అని అడిగేవారు ఉన్నారు. లేదని చెప్పినా ఎవరూ చులకన చేయరు. వచ్చే మంగళవారం తోడు వస్తామంటారు.

ఆసుపత్రి సేవలో మనం నేర్చుకున్నది ఎక్కువ. మొదట్లో మనవారు పండ్లు, కరపత్రాలు తీసుకుని వెళ్లి ప్రార్థించి తిరిగివచ్చేవారు. ఒక సాయంత్రం మహబూబ్‌నగర్ వైపు నుండి వచ్చిన ఒక తల్లి, మందుల చీటీ చేతిలో మడిచి పట్టుకుని, కొడుకు మంచం వదలలేక నిలబడి ఉంది. ప్రార్థన చేయమంటారా అని అడిగిన మన సహోదరితో, చేయమని చెబుతూనే, తాను మందులు తెచ్చుకునేదాకా పిల్లవాడి దగ్గర జర కూర్చోమని కోరింది. సెలైన్ గొట్టం లాగేసుకోకుండా ఆ పిల్లవాడి చెయ్యి పట్టుకుని మన సహోదరి చాలాసేపు కూర్చుంది. ప్రార్థన తల్లి తిరిగివచ్చాక జరిగింది. ఆనాటి నుండి మంచం దగ్గర కూర్చోవడం, మందుల క్యూలో నిలబడడం, రక్తనిధి వరకు తోడువెళ్లడం కార్డులలో చేరాయి. రక్తదానం చేసే సభ్యులు పురుషులైతే మూడు నెలలు, స్త్రీలైతే నాలుగు నెలలు ఆగాలి కనుక తరువాతి తేదీని కూడా కార్డుపైనే రాసుకుంటున్నారు.

ఈ పద్ధతి మీద సభ్యులు రెండు అభ్యంతరాలు తెలిపారు. కుడిచెయ్యి చేసేది ఎడమచెయ్యికి తెలియకూడదన్న ప్రభువు మాటకు ఇది విరుద్ధం కాదా అన్నది మొదటిది. దీనిని కార్యవర్గం ఎంతో గౌరవంగా తీసుకుంది. ఇకమీదట కార్డు సంగతి రాసినవారికీ, అడిగే ఆ ఒక్కరికీ మాత్రమే తెలుస్తుంది. ఈ నివేదికలో ఎవరి పేరూ లేకపోవడానికి కారణం అదే. క్రియల మీద ఆధారపడడం కృపను మరచిపోవడం కాదా అన్నది రెండవది. కృపచేతనే రక్షించబడిన మనం సత్‌క్రియల కొరకు సృష్టించబడ్డామని ఎఫెసీ పత్రిక రెండవ అధ్యాయం ఒకే చోట చెబుతున్నది కనుక, ఈ రెంటినీ విడదీయనక్కరలేదని నా దృఢమైన విశ్వాసం.

సమాధానపడే విషయం మాత్రం కార్డులకు అంత సులువుగా లొంగలేదు. ఆస్తి తగాదాలున్న కుటుంబాలలో గడువు పెట్టుకుని గుమ్మం తొక్కినంత మాత్రాన గాయాలు మానవు. అయినా బలిపీఠం ఎదుట అర్పణ విడిచి మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడమన్న ప్రభువు ఆజ్ఞకు లోబడి, మాటలు లేని తమ్ముడికి క్రిస్మస్‌కు ముందే ఫోను చేసిన అక్కలు మన మధ్య ఉన్నారు. అవతలివారు ఇంకా మెత్తబడకపోయినా ఆ విధేయత వ్యర్థం కాదు.

డిసెంబరులో మెదక్ మహాదేవాలయాన్ని దర్శించాము. కరువు రోజులలో ఆకలితో ఉన్నవారికి పని కల్పించి అన్నం పెడుతూ కట్టిన ఆ మందిరం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. కనికరం దినకూలీగా, పూటభోజనంగా మారిన చోటును యువకులు కళ్లారా చూశారు. సండే స్కూలు, స్త్రీల మైత్రి కూడికలు యథాప్రకారం జరిగాయి. ఆదాయ వ్యయాల పట్టిక కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

రానున్న సంవత్సరంలో గచ్చిబౌలి, మాధాపూర్‌లలో రాత్రి షిఫ్టు చేసే సభ్యులకు శనివారం ఉదయం ఫోను ద్వారా బృందం నడపాలని, ఆసుపత్రి సేవకు శుక్రవారాన్ని కూడా చేర్చాలని కార్యవర్గం ప్రతిపాదిస్తున్నది. శుక్రవారం సాయంత్రం రాగలవారు ఈస్టరుకు ముందు శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారానికి ముందే తమ పేరు, వీలైన వేళ తమ బృంద నాయకులకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

కార్యవర్గం పక్షాన,
కార్యదర్శి
హైదరాబాద్