పేరు రాయకుండా వెళ్లిన అక్కకు వందనాలు

అక్కా, శ్రమదినాల్లో (ఈస్టర్‌కు ముందు రోజుల్లో) సికింద్రాబాద్ ప్రార్థన కూటంలో మీరు చివరి బల్ల మీద పెట్టి వెళ్లిన రూళ్ల కాగితం దొరికింది. పేరు లేదు కాబట్టి అందరి ముందే వందనాలు చెబుతున్నాం.

కష్టంలో ఏడవడమే మారుమనస్సు, అంటే పాపం విడిచి దేవుని వైపు తిరగడం, అనుకునేవాళ్లే ఎక్కువ. కాదని మీరు ఆ కాగితంలో బైబిల్లోని రెండవ దినవృత్తాంతములు 33వ అధ్యాయం పట్టుకుని చూపించారు. 12 ఏళ్లకే యూదా రాజై 55 ఏళ్లు ఏలిన మనష్షేను అష్షూరు సేనాధిపతులు గొలుసులతో బంధించి బబులోనుకు లాక్కుపోయారు. అక్కడ తగ్గించుకుని మొరపెడితే దేవుడు యెరూషలేముకు తిరిగి రప్పించాడు. అసలు పని 15వ వచనంలో ఉంది: మందిరంలో తాను పెట్టిన విగ్రహాన్ని తానే తీసి ఊరి బయట పారేయించాడు. 17వ వచనం చేదుగా ఉంటుంది. జనం ఉన్నత స్థలాల్లో (మందిరం బయట, కొండల మీది బలిపీఠాల దగ్గర) బలులు మానలేదు, కాకపోతే యెహోవాకే అర్పించారు. రాజు మారాడని ఊరంతా మారిపోదు మరి!

కాగితం అడుగున సంఖ్యాకాండము 5:7. పాపం ఒప్పుకోవాలి, నష్టం మొత్తం కట్టాలి, పైన అయిదో వంతు కలపాలి. పక్కనే పెన్సిల్‌తో ‘5,000 ఎగ్గొడితే 6,000’. నిజం చెప్పాలంటే, కూటాల్లో మనం చెప్పే సాక్ష్యాల్లో ఆ పై వెయ్యి ఊసే రాదు. క్షమాపణకు అది వెల కాదనీ రాశారు: పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నది యేసు తన ఇంటికి వచ్చాకే.

జిరాక్సులు తీయించాం. అసలు కాగితం భద్రంగా ఉంది, వచ్చి తీసుకోండక్కా.